గుండిగను నాలుగు గళ్ళు చేసిన లగ్గసరి

తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళలోనూ వంటసామాను అద్దెకిచ్చే కొట్లు నడిపినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. అందులో తన గుండిగల మీది ఎర్ర రంగును కూలి ఇచ్చి మరీ గీకించిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఈ గౌరవానికి నాతో పోటీకి వచ్చినవాడు ఇంతవరకూ కనపడలేదు. వస్తాడన్న భయమూ నాకు లేదు.

మాది కొట్ల వంశం. తాత ఇత్తడి అమ్మాడు, పెద్ద మేనమామ బట్టలు, చిన్న మేనమామ కిరాణా. నా అన్నప్రాసననాడు నా ముందు పుస్తకం, కత్తి, బంగారం అన్నీ పెట్టారట. నేను దేన్ని పట్టుకున్నానో ఎవరికీ గుర్తులేదు గాని, పట్టుకున్నాక పక్కది కొసరుగా అడిగి ఉంటానని మా అమ్మ గట్టి నమ్మకం. నాన్న మాత్రం బేరం తక్కువ మనిషి. ఆయన కొట్టు నడిచింది బేరం మీద కాదు, ఒక ఎర్ర గీత మీద.

పెళ్ళికో ఒడుగుకో వంట చేయాలంటే పెద్ద పెద్ద ఇత్తడి గుండిగలు కావాలి. అవి ఎవరింట్లోనూ ఉండవు, మాలాంటి కొట్టు నుంచే వెళ్ళాలి. మా దగ్గర సామాను రెండు జట్లు. మాంసం, చేపలు వండే ఇళ్ళకు వెళ్ళేది నీసు సామాను. నీసు ముట్టని ఇళ్ళకు వెళ్ళేది పప్పు సామాను. నీసు గుండిగ మెడ చుట్టూ వేలెడు వెడల్పున ఎర్ర రంగు. పప్పు గుండిగకు ఏమీ ఉండదు. దీనికి పద్దు పుస్తకం ఎప్పుడూ లేదు, గుండిగ మెడే పుస్తకం. అక్షరం రాని హమాలీ కూడా చీకట్లో బండికెత్తేటప్పుడు పొరపాటు పడేవాడు కాదు.

బాపట్లలో ఒక పెద్దాయన ఉండేవారు, తాలూకాఫీసులో గుమస్తాగా రిటైరయ్యారు. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా సామాను మా దగ్గర్నుంచే. మనవడికి జంధ్యం వేసే ఒడుగుకు అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా ఎప్పుడూ అడిగేదే అడిగారు.

"ఏమండీ, కలవదు కదా?"

"కలవదండి," అన్నాడు నాన్న.

అంతే. అగ్రిమెంటు, రసీదు, స్టాంపు అన్నీ ఆ ఒక్క మాటే. ఆ చుట్టుపక్కల నీసు ముట్టని ఇళ్ళన్నీ ఆ మాట మీదే మా కొట్టుకు వచ్చేవి.

ఇక రేపల్లెలో ఒక మాస్టారు, లూథరన్ చర్చి బడిలో పాఠాలు చెప్పేవారు. తమ్ముడి పెళ్ళికి సామాను చూసుకోవడానికి వచ్చి, ఎర్ర గీత మీద వేలు పెట్టి నన్నడిగారు.

"ఏంటి తమ్ముడూ ఇది? రైలు పట్టాల దగ్గర పెడతారే, ప్రమాదం అని, అలాంటిదా?"

"గుర్తు కోసమండి."

"ఎవరి గుర్తు కోసం? మేం వండుకునేది ఏంటో మాకు గుర్తుంటుందిలే. మా చుట్టాలకి మెడలో గీత చూపించి మరీ పలావు పెట్టాలా?"

నవ్వుతూనే అన్నారు. నాకు చెంప మీద తగిలింది. తర్వాత ఎవరడిగినా, ఆ మాస్టారి మాట కోసమే రంగు తీయించానని చెప్పుకునేవాణ్ణి. చాలా ఉదాత్తంగా వినపడేది. నిజానికి మాస్టారు వచ్చేసరికే నేను కంప్యూటర్ కొని ఉన్నాను. దానికి ఏదో ఒక పని చూపించకపోతే నాన్న ముందు తలెత్తుకోలేను.

అప్పట్లో తెనాలిలో సందుకొక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలిసింది. ఆర్నెల్ల కోర్సు. ఆ ఫీజు విని నేను ఊరుకుంటానా? సార్ ముందు కూర్చుని బేరం మొదలుపెట్టాను. టీ తాగాం, మళ్ళీ టీ తాగాం. ఆఖరికి సగానికి తెగ్గొట్టాను. ఆయన పెద్దమనిషి, మాట మీద నిలబడ్డారు. ఫీజు సగం చేశారు, పాఠాలూ సగం చేశారు. స్ప్రెడ్‌షీట్‌లో గళ్ళు నింపడం, కూడడం, విడదీయడం నా సగంలో వచ్చాయి. చేసిన పనిని వెనక్కి తీసుకోవడం, ఫైలుకు ఇంకో కాపీ దాచుకోవడం రెండో సగంలో ఉన్నాయని తర్వాత తెలిసింది. కొన్నాళ్ళకు ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడితే అందులో ఒక కంప్యూటర్‌ను కూడా నేనే కొన్నాను. దాని మీద ఎంత తగ్గించానో చెబితే మీరు నమ్మరు. అదెలా పనిచేసేదో చెబితే నమ్ముతారు.

ఆ లగ్గసరికి ముందు, అంటే పెళ్ళిళ్ళ ముహూర్తాలు మొదలయ్యే ముందు, నా సంస్కరణలు మొదలయ్యాయి. గుండిగలన్నిటికీ లోపల కొత్తగా కళాయి పూత. మెడ మీద రంగు గీకి, చింతపండుతో తోమించి, ఒక్కోదాని మీద నంబరు చెక్కించడం. ఏ నంబరు నీసో ఏ నంబరు పప్పో కంప్యూటర్‌లో ఉంటుంది.

నాన్న వచ్చి నిలబడి చూశాడు. అన్నీ బంగారంలా మెరుస్తున్నాయి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"రంగు ఉంటే నష్టమేంట్రా?"

"ఏటా రంగు ఖర్చు నాన్నా. పైగా రేపల్లె వాళ్ళు చిన్నబుచ్చుకుంటున్నారు. ఇందులో ఉందిగా." తెర మీద చూపించాను.

"కరెంటు పోతే?"

"వచ్చాక చూసుకుంటాం."

"బండి గుమ్మంలో నిలబడితే కరెంటు వచ్చేదాకా ఆగుతుందా?" అన్నాడు గాని, చదువుకున్న కొడుకు అనే గౌరవంతో అంతటితో ఆగాడు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే.

ఇప్పుడు అసలు గొప్ప పని. మా సామాను మూడు చోట్ల ఉండేది: తెనాలి కొట్టులో, బాపట్ల గోడౌన్‌లో, రేపల్లె గోడౌన్‌లో. ఎక్కించేటప్పుడు నేను, నోటితో ఎలా చెబుతామో అలాగే, అంతా ఒకే గడిలో కొట్టేశాను: గుండిగ, పెద్దది, పద్నాలుగు, రేపల్లె. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఒక్కో ఖాళీ వదిలి. పక్క గడిలో నీసో పప్పో. ఆ పక్క గడిలో చొట్ట, చిల్లు లాంటి సంగతులు. అలా కొట్టు మొత్తం ఎక్కించాక తెలిసింది, రేపల్లెలో ఏమేం ఉన్నాయని అడిగితే అది చెప్పలేదని. ఊరి పేరు గుండిగతో కలిసి ఒకే గడిలో ఇరుక్కుంది. ఊరి ప్రకారం వరస పెట్టాలంటే ఆ గడిని ముక్కలు చేసి, ముక్కకొక నిలువు వరస ఇవ్వాలి.

దానికి ఒక కిటుకు ఉంది. వరస మొత్తాన్ని పట్టుకుని, ఖాళీ ఎక్కడుంటే అక్కడ కోయమంటే చాలు, గుండిగ ఒక గడి, పెద్దది ఒక గడి, నంబరు ఒక గడి, ఊరు ఒక గడి అవుతుంది. నా సగం కోర్సులో నాకు బాగా నచ్చిన పాఠం. ఆషాఢంలో తానులోంచి బట్టను పర్రున చించుతాడే మా పెద్ద మేనమామ, ఆ సుఖం ఉంది అందులో.

కోయమన్నాను. కోసే ముందు అది ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగింది. అక్కడ ఉన్నవాటి స్థానంలో వీటిని పెట్టమంటారా అని. కొట్లో పుట్టిపెరిగినవాణ్ణి. పాత సరుకు తీసేసి కొత్త సరుకు పెట్టమంటారా అని గుమస్తా వినయంగా అడిగితే వద్దంటానా? పెట్టమన్నాను.

గుండిగ ఉన్నచోటే ఉంది. 'పెద్దది' వెళ్ళి పక్క గడిలో కూర్చుంది. ఆ పక్కన నంబరు, ఆ పక్కన ఊరు. ఎంత ముద్దుగా ఉందో! 'పులిహోర బేసిన్' లాంటి రెండు మాటల సామాన్లు మాత్రం ఒక గడి ముందుకు జరిగాయి. వాటి నంబర్లు ఊళ్ళ వరసలో పడ్డాయి. అక్కడ పద్దెనిమిది అనే ఊరు, ఇరవై రెండు అనే ఊరు వెలిశాయి. అవి చూసి నవ్వుకున్నాను కూడా. మూసేటప్పుడు మళ్ళీ అడిగింది, చేసినది భద్రం చేయమంటారా అని. భద్రం చేస్తానంటే ఎవరు వద్దంటారు? భద్రం చేయించాను, ఉన్న ఒకే ఒక్క ఫ్లాపీ మీద.

మర్నాడు పొద్దున్నే నాన్న, "బాపట్ల ఒడుగు ఎల్లుండి. పప్పు గుండిగల నంబర్లు చెప్పరా, బయటికి తీయిద్దాం," అన్నాడు.

తెరిచి చూస్తే నీసు లేదు, పప్పు లేదు. ఆ గడుల్లో 'పెద్దది', 'చిన్నది', 'పెద్దది', 'చిన్నది' అని వరసగా నిలబడి నన్ను చూస్తున్నాయి. మొదటి గడిని కోసినప్పుడు పక్కకు వచ్చిన ముక్కలు, అక్కడ ముందే ఉన్నవాటి మీదే కూర్చున్నాయి. స్థానంలో పెట్టమంటారా అని అది అడిగింది దీని గురించే. కోసేముందు పక్కన నాలుగు ఖాళీ వరసలు వేసుకుని ఉంటే చాలేది.

"ఏంట్రా, కరెంటు ఉందిగా?" అన్నాడు నాన్న.

"కరెంటు ఉంది నాన్నా," అన్నాను. అది మాత్రం నిజం.

సంగతి చెప్పాక, మూడు చోట్ల సామానూ తెనాలి దొడ్లోకి దింపించాడు. ఇత్తడి మీద ఎండ పడి కళ్ళు చెదిరిపోతున్నాయి. పనివాళ్ళంతా చుట్టూ చేరారు. ఇది కొలకలూరు పెళ్ళిలో కోడి వండిందే అని ఒకడు ఒట్టేశాడు. కాదు, అంగలకుదురు సత్యనారాయణ వ్రతానికి వెళ్ళింది అదేనని ఇంకొకడు అంతకన్నా పెద్ద ఒట్టేశాడు. సామాను తోమే అక్కను పిలిచి, వాసన చూసి చెప్పమన్నాను.

"నన్నడుగుతావేంటి తమ్ముడూ? వాసన రాకుండా తోమితే చీర పెడతానంది నువ్వేగా. తోమాను. చీరేది?"

నాన్న అన్నిటి మధ్యా ఒకసారి తిరిగాడు. నీళ్ళ గంగాళాలు పక్కన పెట్టించాడు, వాటిలో ఎవరూ ఏమీ వండరు కనక. మిగతావాటిని చూపించి అన్నాడు:

"అన్నీ నీసే."

"సగం పప్పువి నాన్నా!"

"ఏ సగం?"

నేను బేరంలోకి దిగాను. "కళాయి కొత్తది. లోపల ఇత్తడి కూడా కనపడట్లేదు. కొత్త గిన్నెతో సమానం. పంపేద్దాం. బాపట్లలో ఎవరికి తెలుస్తుంది?"

"నేను ఆయనకి శుభ్రంగా ఉంటుందని చెప్పలేదురా. కలవదని చెప్పాను," అన్నాడు. కేక కూడా వేయలేదు. వేసుంటే ఎదురు సమాధానం చెప్పేవాణ్ణి.

కొత్తవి కొందామంటే ఇత్తడి ధర ఇత్తడి ధరే, కొనాల్సిన డబ్బు కంప్యూటర్ రూపంలో బల్ల మీద కూర్చుని ఉంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. మా కొట్టుకు నాలుగు గుమ్మాల అవతల ఇంకో అద్దె సామాను కొట్టు ఉంది. దాని యజమానిని నేను బాబాయ్ అనేవాణ్ణి, వ్యాపారంలో మాకు శత్రువు. నాన్న నన్ను అక్కడికి పంపాడు. "బేరం బాగా ఆడతావుగా, ఆడు."

బాబాయ్ గల్లాపెట్టె వెనక నుంచే పలకరించాడు. "రావోయ్ కంప్యూటరూ. నడిచొచ్చావేంటి, ఒక బటన్ నొక్కితే నేనే వచ్చేవాణ్ణిగా?"

"పప్పు గుండిగలు ఒక జట్టు కావాలి బాబాయ్. ఎల్లుండికి. బాపట్ల."

"మీవి ఏమయ్యాయి?"

"మెరుస్తున్నాయి."

"విన్నాన్లే. బజారంతా మెరుస్తోంది." కాసేపు ఈగల్ని తోలుకున్నాడు. "లగ్గసరి కదబ్బాయ్. రెట్టింపు అద్దె."

"రెట్టింపా! బయటివాణ్ణా నేను? నాన్న మీ దగ్గరికే వెళ్ళమన్నాడు, వేరే కొట్టు వద్దన్నాడు."

"వేరే కొట్లో పప్పు సామాను ఎక్కడుందిరా? ఉన్నది మీకూ నాకే. ఇప్పుడు నాకే."

నేను లేచాను, మెట్టు దిగాను, ఆయన పిలవలేదు. మళ్ళీ ఎక్కాను. ఎండ గురించి మాట్లాడాను. ఆయన మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాను. గంటసేపు నా విద్యంతా ఒలికించాను. రెట్టింపు మామూలైంది, మామూలు ముప్పావు అయింది. ఉన్నట్టుండి ఆయనే సగం అన్నాడు.

"సగానికే ఇస్తాను తీసుకెళ్ళు. ఒకటే షరతు. నా గుండిగ మీద నా పేరు ఉంటుంది, కొట్టు ఊరు ఉంటుంది, ఇంతింత అక్షరాలు. దాని మీద గుడ్డ కట్టకూడదు, విస్తరాకు కప్పకూడదు. పేరు జనం వైపుకి పెట్టి వండాలి. సరేనా?"

సగం అద్దె! నా చెవికి ఇంకేదీ ఎక్కలేదు. ఆయన మనసు మారేలోగా చేతిలో చెయ్యేసి, కొసరుగా రెండు జల్లిగరిటెలు కూడా అడిగి పుచ్చుకుని, విజయోత్సాహంతో ఇంటికొచ్చాను.

"సగం అద్దెకి తెచ్చాను నాన్నా."

నాన్న జల్లిగరిటెల వైపు చూశాడు. "ఏం ఇచ్చి?"

చెప్పాను. చెబుతుండగానే నాకు అర్థమవడం మొదలైంది. ఆయన కండువా భుజాన వేసుకుని, "పద, బాపట్ల బండికి టైమైంది," అన్నాడు.

బాపట్లలో పెద్దాయన అరుగు మీద వక్కలు కత్తిరిస్తున్నారు. నాన్న కూర్చోకుండానే చెప్పేశాడు. "సామాను కలిసిపోయిందండి. ఏది ఏదో చెప్పలేను. మావి మీకు పంపను. పప్పు సామాను విడిగా ఉన్న ఇంకో కొట్టు నుంచి తెప్పిస్తున్నాను. ఆ సామానుకు ఆ కొట్టాయన మాట, ఆయన పేరు."

"ఎలా కలిసిందండీ? ఇన్నేళ్ళలో కలవలేదే!"

నాన్న నా వైపు చూశాడు. నేను వీలైనంత గౌరవంగా, "కంప్యూటర్‌లో గళ్ళు విడదీస్తుంటే పోయిందండి," అన్నాను.

"కంప్యూటరా? అది నీసు తింటుందా?"

"తింటుందో లేదో గాని, నీసూ పప్పూ రెండూ అదే తినేసిందండి," అన్నాడు నాన్న. ఆయన ఆ వారమంతటిలో వేసిన జోకు అదొక్కటే, అది కూడా నవ్వకుండా వేశాడు.

పెద్దాయన అడకత్తెర పక్కన పెట్టారు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. చెప్పారు, చాలా పెద్దమనసు," అన్నారు. మజ్జిగ ఇప్పించారు. నాకు ప్రాణం లేచొచ్చింది. నిజాయితీకి ఫలితం ఉంటుందని బడి గోడల మీద రాస్తారే, అది మా ఇంటికి దారి కనుక్కుని వచ్చేసిందనుకున్నాను.

ఒడుగు దివ్యంగా జరిగింది. పందిరి వెనక పొయ్యిల మీద గుండిగలు బారుగా నిలబెట్టారు, పేరు జనం వైపుకి. పిట్టలవానిపాలెం నుంచీ ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చుట్టాలు, చేతులు కడుక్కోవడానికి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ పేరు చదువుకున్నారు. గుండిగలు ఎవరివని అడిగినవాళ్ళకు పెద్దాయన ఏదీ దాచకుండా కథంతా చెప్పారు, మా నాన్న నిజాయితీని మెచ్చుకుంటూ. ఎంత మెచ్చుకుంటే అంతమందికి మా సామాను కలిసిపోయిందని తెలిసింది. భోజనాలయ్యేసరికి ఇద్దరు పెద్దమనుషులు బాబాయ్ కొట్టు ఎక్కడో వివరంగా అడిగారు. అడిగింది నన్నే. నాలుగు గుమ్మాల అవతల అని చెప్పాను.

అదే వారంలో రేపల్లె పెళ్ళికి మా గుండిగలు వెళ్ళాయి. మాస్టారు వాటి మెడలు తడిమి చూసి, "రింగు తీయించేశారే! నా మాట విన్నావన్నమాట తమ్ముడూ," అని సంతోషపడ్డారు. విన్నానండి అన్నాను. నాకు ఆ లగ్గసరిలో దక్కిన ఒకే ఒక్క మెప్పు అది. దాన్ని కాదనేంత నిజాయితీ మా ఇంట్లో నాన్న ఒక్కడికే ఉంది.

ఇక ఆఖరి బిల్లు. రూపాయల్లో వేస్తే ఇప్పటి ధరలతో నవ్వులాటగా ఉంటుంది, అందుకని సామానుతో వేస్తున్నాను. బేరం లేదు, కొసరు లేదు.

జమ వైపు: బాబాయ్ దగ్గర తగ్గించిన సగం అద్దె. జల్లిగరిటెలు రెండు, అవీ ఒడుగు అయ్యాక తిరిగి ఇచ్చేశాం. కోసేముందు పక్కన ఖాళీ వరసలు వేసుకోవాలన్న జ్ఞానం. రేపల్లె మాస్టారు, ఆయన పంపిన పెళ్ళిళ్ళు.

ఖర్చు వైపు: కళాయి పూత, నంబర్లు చెక్కిన కూలి, రంగు గీకిన కూలి, తోమిన అక్కకు చీర. కంప్యూటర్, దాన్ని తర్వాత ఒక జెరాక్స్ షాపువాడు ఆ బల్ల ధరకు తీసుకెళ్ళాడు, బల్ల కొసరుగా అడిగి. పప్పు గుండిగల జట్టు మొత్తం, శాశ్వతంగా నీసులో కలిసింది. నీసు ముట్టని ఇళ్ళు, ఒకటి తర్వాత ఒకటిగా అన్నీ. బాపట్ల పెద్దాయన కూడా. రెండో మనవడి ఒడుగుకు నాన్నను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టారు. సామాను మాత్రం బాబాయ్ దగ్గర తెప్పించారు. నాన్న మెడ తిప్పకుండా తిన్నాడు, పేరు జనం వైపే ఉంది.

ఇంకొకటి మర్చిపోయాను. ఎర్ర రంగు డబ్బా ఒకటి, కుంచె ఒకటి. నీసూ పప్పూ పోయిన రోజునే బజారుకు పరిగెత్తి నా సొంత డబ్బుతో, మొట్టమొదటిసారి బేరమాడకుండా కొన్నాను. తెచ్చిన కాసేపటికే నాన్న అన్నీ నీసే అనేశాడు. వేయడానికి గీత లేదు. డబ్బా మూత తీయలేదు.